చుక్కల్లేని గీతలు

నాకు నయమైందని అందరూ అంటున్నారు. నేను మాత్రం ఆ మాట పైకి అనను. వినే చెవులు ఎవరివో, వాళ్ల దిష్టి ఎట్లాంటిదో మనకేం తెలుసు? నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చిందని మా ఆయన అంటాడు. కావచ్చు. అయినా ఇప్పుడు, 1966లో, తీరిగ్గా కూర్చుని ఇదంతా రాయడానికి ఒక కారణం ఉంది. మా వీధిలో ఒక కొత్తకోడలు సరిగా నిద్రపోవడం లేదట. ఉన్నట్టుండి గుండె పట్టుకుని కూర్చుంటోందట. వాళ్లత్త ఆమెను ఎవరో స్వామి దగ్గరికి తీసుకుపోవాలని చూస్తోందట. ఆ పిల్లకు చదువొచ్చు. నేను హిందూపురంలో ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి నాకు రాత వచ్చు. ఇది ఆమె చేతికి అందితే చాలు.

1959, చలికాలం

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మా మామ ఎప్పుడో పోయాడు, ఇంట్లో ఉండేది ముగ్గురమే. మగ్గం మీద మా ఆయన కూర్చునేవాడు. కండెలు చుట్టడం, పోగులు అతకడం మా అత్తదీ నాదీ. మగ్గం మీద నిలువుపోగుల పడుగు ఒకటి అయిపోగానే, పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. వేలకొద్దీ పోగులు. ఒకటి తప్పినా బట్టలో చారిక పడుతుంది, ఆ చీర మూలన పడుతుంది. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు వీధిలో లేరని మా అత్త కూడా ఒప్పుకునేది, నేను లేని చోట.

ఆ చలికాలంలో నాకు లెక్క ఆగడం మానేసింది. చేతిలో పోగులు లేకపోయినా వేళ్లు ఆడేవి. బియ్యం ఏరుతుంటే గింజలు లెక్కపెట్టేదాన్ని. ఎవరైనా పలకరిస్తే వాళ్లు ఎన్ని మాటలన్నారో తెలిసేది, ఏమన్నారో తెలిసేది కాదు. పడుకుంటే పైన దూలాలు ఉన్నాయి కదా, అవి. మధ్యలో లెక్క తప్పిందంటే గుండె దడదడ కొట్టుకునేది, అరచేతులు చల్లబడేవి, గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు ఊపిరి ఆడేది కాదు. ఇదే చావనుకునేదాన్ని. కాసేపటికి ఏమీ ఉండేది కాదు. లేచి పొయ్యి వెలిగించేదాన్ని.

ఒంట్లో తేడా చేస్తే మా వైపు మొదట వచ్చే ఆలోచన ఒకటే. ఎవరో మందు పెట్టారని. తిండిలో ఏదో కలిపి పెడతారనీ, అది కడుపులో అంటుకుపోయి మనిషిని లోపల్నుంచి తినేస్తుందనీ నమ్మకం. నాకు పెళ్లయి ఏళ్లు గడిచాయి, పిల్లలు లేరు. నేను లేకపోతే ఎవరికి లాభం? మా అత్తకు. ఇంత తేలిగ్గా దొంగ దొరికాక ఇక ఊరుకుంటానా? ఆమె వడ్డిస్తే తినేదాన్ని కాదు. ఆమె తిన్న తర్వాత అదే గిన్నెలో మిగిలింది పెట్టుకునేదాన్ని. ఆమెకేం, తెలివి తక్కువా? నాలుగు రోజుల్లో కనిపెట్టింది.

"ఏమ్మే, నా చేతి సంగటిలో పురుగులుండాయా?"

"ఆకలి లేదత్తా."

"నేను తిన్నాక మాత్రం ఆకలి యాడనుంచి వస్తాది నీకు?"

నేను ఆ ప్రశ్నలో ఎన్ని మాటలున్నాయో చూస్తున్నాను.

తర్వాత చేతులు వణకడం మొదలైంది. నేనతికిన పోగులు అతికినట్టే ఊడిపోయాయి. మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, ఊడిన కొసలు చూసి, మళ్లీ పోయి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ వారంలోనే ఆయన మేనమామ కొత్తచెరువు నుంచి దిగాడు. తలుపు దగ్గరికి వేసుకుని అక్కాతమ్ముళ్లు గుసగుసలాడారు. తలుపు అవతల నేనున్నానని వాళ్లకు తెలుసో లేదో.

"ఆ పిల్లను కొన్నాళ్లు పుట్టింట్లో పెట్టక్కా. తర్వాత సంగతి తర్వాత చూస్తాం" అన్నాడాయన.

తర్వాత సంగతి ఏమిటో నాకు తెలుసు. ఆయనకు పెళ్లీడుకొచ్చిన కూతురు ఉంది. రెండో పెళ్లికి చట్టం ఒప్పుకోదని అప్పటికే అందరూ అంటున్నారు కానీ, ఆ చట్టం మా వీధిలోకి వచ్చినట్టు నేను చూడలేదు. ఒకసారి పుట్టింటికి పోయానంటే మళ్లీ ఈ గడప తొక్కను. రోగం సంగతి తర్వాత, ఆ గడప దాటకుండా ఉంటే చాలనిపించింది.

1960, ఎండలు ముదిరాక

కబురు హిందూపురంలో మా పుట్టింటికి చేరింది. మా నాయన తనే వచ్చి, అక్కడొక డాక్టరమ్మ ఉంది, చూపించి తీసుకొస్తానన్నాడు. మా ఆయన స్టేషన్ దాకా వచ్చి మల్లెపూలు కొనిచ్చాడు. ఎప్పుడూ కొననివాడు ఇప్పుడెందుకు కొన్నాడు? రైలు కదిలేదాకా ఆయన ముఖమే చూశాను, ఏమీ బయటపడలేదు. నేను కూడా తక్కువదాన్ని కాదు. చీరలన్నీ సర్దుకోకుండా ఒకటి దండెం మీదే వదిలి వచ్చాను. నా చీర ఆ ఇంట్లో ఉంది కాబట్టి నేను తిరిగిపోవాలి. ఎవరూ కాదనడానికి లేదు.

రైలు దిగి నేరుగా వచ్చి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పొద్దున్నుంచి కూర్చున్నాం. ఫినాయిలు వాసన. కాంపౌండరు సగం తెలుగులో సగం కన్నడంలో పేర్లు పిలుస్తున్నాడు. నా తర్వాత వచ్చినవాళ్లను లోపలికి పంపిస్తున్నాడని నాకు గట్టి అనుమానం. పక్కన మడకశిర వైపు నుంచి వచ్చిన ఒకామె కమలాపండు ఒలిచి సగం నా చేతిలో పెట్టింది.

"తినమ్మా, నోరు ఎండిపోయుండాది నీకు."

ఎవరో ఏమిటో తెలియని మనిషి. పండు ఎందుకిస్తుంది? కొంగులో ముడేసుకుని, తిన్నట్టు నోరు ఆడించాను. ఆమె నన్ను చూసి నవ్వింది. నేను తినలేదని తెలిసిపోయిందేమో.

డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి చూసింది, కళ్లు చూసింది, చేతులు చాపమంది.

"నీ గుండె రాయిలాగుంది. ఒంట్లో ఏ జబ్బూ లేదు. నరాలు అలిసిపోయినాయి."

ఏ జబ్బూ లేకపోతే ఇంతదూరం రైలెక్కి ఎవరొస్తారు? మా ఆయన ముందే వచ్చి ఈమెతో మాట్లాడిపోయాడేమో అనుకున్నాను. ఆమె మాత్రం తొందరపడకుండా నేను చేసే పనంతా అడిగింది. పోగుల సంగతి, దూలాల సంగతి చెప్పాను. ఏవో మాత్రలు రాసిచ్చి, "లెక్క లేని పని ఏదైనా రోజూ కాసేపు చెయ్యి" అంది.

"లెక్క లేని పని ఏముంటాదమ్మా?"

"నాకేం తెలుసు? నువ్వే వెతుక్కో."

బయట టీ అంగట్లో మా నాయన ఒక గ్లాసు తెప్పించాడు. నేను ముట్టుకోలేదు. ఆయన గ్లాసెత్తి తను ఒక గుక్క తాగి, పైపంచెతో అంచు తుడిచి నాకిచ్చాడు. నేనెవరికీ చెప్పని సంగతి ఆయనకెట్లా తెలిసిందో ఈనాటికీ తెలీదు. ఆ టీ తాగుతూ ఏడ్చేశాను. ఆయన రోడ్డుమీద పోయే బండ్లవైపు తిరిగి కూర్చున్నాడు.

తన దగ్గరే ఉండమని బతిమాలాడు. నేను ససేమిరా అన్నాను. అది పుట్టిల్లు. అక్కడ ఒక్క రాత్రి పడుకున్నా మేనమామ మాట నెగ్గినట్టే. చివరికి పెనుకొండలో మా అక్క ఇంటికి పోవడానికి ఒప్పుకున్నాను. అక్క ఇల్లు పుట్టిల్లు కాదు, పైగా ధర్మవరం పోయే దారిలోనే ఉంది. రైల్లో ఆకలేసి కొంగుముడి విప్పాను. ఎండిపోయిన ఆ కమలా తొనలు తిన్నాను. నాకేమీ కాలేదు.

అదే ఏడాది, పెనుకొండ

అక్క ఇల్లు కొండ కింద. లెక్క లేని పని అంటే ముగ్గేసుకోవే, రుక్కూ, అని ఆమె సలహా. మా అక్క మంచిదే కానీ ముగ్గుకు ముందు చుక్కలు పెట్టాలన్న సంగతి ఆమెకు తట్టలేదు. నాకూ తట్టలేదు. పెరట్లో చుక్కలు పెడుతూ పోయాను. నాలుగో వరుసకే గుండెదడ మొదలైంది. చుక్కలు పెరిగిపోతున్నాయి, ఆపలేను, తప్పించుకోలేను. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. అక్క గోడ అంచుకు పూయడానికి కలిపిపెట్టిన ఎర్రమన్ను చట్టి పక్కనే ఉంది. అందులో రెండు చేతులూ ముంచి ఆ చుక్కల మీద అటూ ఇటూ పామేశాను.

పామాక చూశాను. తెల్లపిండి ఎర్రమన్నులో కలిసి ఒకచోట గులాబీ రంగుకు తిరిగింది, ఒకచోట చారలుగా మిగిలింది. అది ఏదీ కాదు. పువ్వు కాదు, తీగ కాదు. చెయ్యి వణకడం లేదు. సన్నటి పోగు పట్టుకోమంటే వణికే చెయ్యి అరచేయంత గీత గీస్తే వణకదని అప్పుడే తెలిసింది. పొద్దు వాలేదాకా ఆ పెరడంతా పూశాను. ఎన్నిసార్లు చేయి ముంచానో నాకు తెలీదు. తెలీదని గుర్తొచ్చి సంతోషంతో గట్టిగా నవ్వాను. అక్క భయపడి పరుగెత్తుకొచ్చింది.

"ఏమిటే ఇది?"

"ఏమీ కాదక్కా."

"ఏమీ కానిదానికి ఇంత మన్ను ఏమిటికే?"

మర్నాటి నుంచి పాత పేపర్లిచ్చింది, పెరడు కాపాడుకోవడానికి. పసుపు, నీలిమందు, మసి, ఎర్రమన్ను. పుల్లకు గుడ్డ చుట్టి పూసేదాన్ని. ఒకే కష్టం. పుట్టినప్పటి నుంచి చీర అంచులు చూసిన కళ్లు కదా, రెండు గీతలు వంగితే చాలు, నెమలి వచ్చి కూర్చునేది. నెమలి వస్తే ఈకలొస్తాయి, ఈకలొస్తే లెక్కొస్తుంది. అందుకని నెమలి తల ఎత్తగానే దాని మీద నీలం పోసేసేదాన్ని. ఎన్ని నెమళ్లను చంపానో. మధ్యాహ్నాలు అక్కడే చాప మీద నిద్రపోయేదాన్ని. ఆ నిద్ర ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను.

శ్రావణం, ధర్మవరం

తిరిగి వచ్చేసరికి దండెం మీద నా చీర లేదు. వెతికితే, ఉతికి మడతపెట్టి నా పెట్టెలోనే ఉంది. మా అత్త పని. నా ఆనవాలు తీసేయడానికే అనుకున్నాను.

మా ఆయన పట్టుకు రంగులద్దాక మిగిలిన నీళ్లు పారబోయకుండా టెంకాయ చిప్పల్లో పట్టుకునేదాన్ని. బెంగళూరు నుంచి పట్టు చుట్టి వచ్చే మందపాటి కాగితాలు ఎట్లాగూ ఇంట్లో ఉంటాయి. వెనక వసారాలో కూర్చుని పూసి, దండెం మీద ఆరేసేదాన్ని. చేతులు కుదుటపడ్డాయి. కొన్ని పోగులు అతకడం మొదలుపెట్టాను. మా ఆయన ఒకరోజు వచ్చి, చాలాసేపు ఒక కాగితం చూసి, "ఈ ఎరుపు ఎట్ల కలిపినావు?" అని అడిగాడు. ఆ రంగు ఎవరికైనా చెబుతాడేమోనని సగమే చెప్పాను.

మా అత్త మాత్రం వసారాలోకి వస్తే గోడకు ఆనుకుని, కాగితాలకు చీర తగలకుండా నడిచేది. ముగ్గులో గీత తెగి ఉండకూడదు. గీతకు చుక్క ఉండాలి. ఎరుపు పక్కన నలుపు ఉండకూడదు. నా కాగితాల మీద ఉన్నవన్నీ ఉండకూడనివే.

"గడప ముందర ముగ్గెయ్యమంటే చెయ్యి వణకతాది. ఈ పాడు గీతలకు మాత్రం వణకదే?" అనేది, గోడతో అంటున్నట్టు.

ఒకరోజు గాలికి ఒక కాగితం ఎగిరిపోయి ఎదురింటి గడపలో పడింది. మర్నాడు వాళ్ల మగ్గం మీద పడుగు తెగింది. పడుగన్నాక తెగదా? కానీ సాయంత్రానికి వీధంతా ఒకటే మాట, రుక్మిణి చేతబడి చేస్తోందని. నన్ను చూసి పక్కింటామె బిందె కొంగుతో కప్పుకుని పోయింది. అంతకు ముందు దాకా అందరినీ అనుమానించింది నేను. ఇప్పుడు వీధి వీధంతా నన్ను చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

ఇది చాలనట్టు, నా చిప్పల్లో రంగు తగ్గడం మొదలైంది. ముఖ్యంగా పచ్చ. రాత్రి అంచుదాకా ఉన్నది, మధ్యాహ్నం చూస్తే అడుగున ఉండేది. ఎవరో తీసుకుపోతున్నారు, లేదా ఏదో కలుపుతున్నారు. వేలు ముంచి వాసన చూసేదాన్ని. ఒకరోజు మా అత్త గోళ్ల సందుల్లో పచ్చ కనబడింది.

"అదేందత్తా?"

"ఆకు గిల్లినా" అని చెయ్యి కొంగు కింద పెట్టుకుంది.

ఆ పూట మా ఇంట్లో పప్పే వండాం, ఆకుకూర లేదు. నా రంగులు పట్టుకుపోయి ఆమె ఏ మంత్రగాడికో ఇస్తోందని నాకు తేలిపోయింది. నా కాగితాలు ఎన్ని ఉన్నాయో నాకే తెలీదు. లెక్క మానేశాను కదా.

ఇంతలో మేనమామ మళ్లీ దిగాడు. గోరంట్లలో ఒక స్వామి ఉన్నాడని, గీత చూసి గీసినవాళ్ల మనసు చెప్పేస్తాడని అన్నాడు.

"పోయొస్తాం మే," అన్నాడు మా ఆయన నాతో. "ఏమీ లేదని ఆయనే చెప్తే అందరి నోళ్లూ మూతబడతాయి."

ఉందని చెప్తే? ఆ మాట ఆయన అనలేదు, నేనూ అడగలేదు. పోనంటే తప్పు ఒప్పుకున్నట్టు.

భాద్రపదం, గోరంట్ల

నలుగురం బస్సులో పోయాం. స్వామి గది చిన్నది, సాంబ్రాణి పొగకు కళ్లు మండాయి. మేనమామ కాగితాల కట్ట విప్పి ముందు పెట్టాడు. వసారాలో ఉన్నవన్నీ ఊడ్చుకొచ్చినట్టున్నాడు. స్వామి ఒక్కొక్కటి నిమ్మకాయతో పక్కకు జరుపుతూ పోయాడు. కొన్నింటికి ఊ అన్నాడు. కొన్నింటికి తల ఊపాడు. ఒకచోట ఆగిపోయాడు.

కాగితమంతా దట్టంగా పచ్చ. మధ్యలో ఒక నల్లగీత, సుడి తిరిగినట్టు లోపలికి లోపలికి పోయింది.

"ఇదీ అసలుది" అన్నాడు. "కట్టు. దీన్ని గీసిన చెయ్యి మీ ఇంటి మగోణ్ణి కొంగుకు ముడేసి పెట్టుకుండాది. ఆ చెయ్యి ఇంట్లో ఉన్నంతకాలం మీ మగ్గం సాగదు. ఈ పొద్దే గడప దాటించండి. మళ్లీ తొక్కకూడదు."

"విన్నావేమప్పా?" అన్నాడు మేనమామ మా ఆయనతో. ఆయన గొంతులో సంతోషం దాగలేదు. "హిందూపురం బస్సు ఈడనే దొరుకుతాది."

నేను ఆ కాగితం చూశాను. మళ్లీ చూశాను.

"అది నాది కాదు."

కాగితం అంచు పట్టుకుని స్వామి వైపు తిప్పాను.

"నాది కాదు. నేను పచ్చ అంత మందంగా పుయ్యను. నాకట్లాంటి గీత రాదు."

"దొరికినోళ్లందరూ అనే మాటే తల్లీ" అన్నాడు స్వామి.

మా ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని చాప అంచు పీకుతున్నాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చాప పుల్లలు. ఇక అంతే, అయిపోయింది అనుకున్నాను. ఈసారి దండెం మీద చీర కూడా వదిలి రాలేదు.

అప్పుడు మా అత్త గొంతు సవరించుకుంది.

"అది నేను గీసినా."

"నువ్వూరుకో అక్కా" అన్నాడు మేనమామ.

"నువ్వూరుకోరా. నా చెయ్యే సామీ. చూడు గోళ్లు." రెండు చేతులూ చాపింది. గోళ్ల సందుల్లో పచ్చ. "గడప దాటించమంటివి కదా. యాడికి పోవాల నేను? మా అమ్మానాయనా పోయి శానా కాలమాయె. వీడు నా తమ్ముడు, వీడింటికి పోమంటావా?"

మేనమామ ముఖం చూడాలి. స్వామి గడ్డం గోక్కున్నాడు. పెద్దవాళ్ల చేయి వేరు, తల్లి కొడుకును కొంగుకు ముడేసుకుంటే దోషం లేదు, చిన్న శాంతి చేస్తే చాలు అని ఏదో మొదలుపెట్టాడు.

"చెయ్యి ముసల్దో పడుచుదో తెలీలేదు నీకు, మనసెట్ల తెలిసింది?" అంటూ మా అత్త కాగితాలు చుట్టి చంకన పెట్టుకుని లేచింది. "రా మే, బస్సు పోతాది."

బస్సులో నేనూ ఆమె పక్కపక్కన కూర్చున్నాం. ఊరుకోలేక అడిగాను.

"ఎందుకు గీసినావత్తా?"

"గీయాలని యాడ గీసినా? ఆ చిప్పల్లో నువ్వు నా కోసమని ఏమన్నా మందు నూరతాండావేమోనని ఏలు పెట్టి చూసినా."

"నేనా? నీకా?"

"నువ్వు నా చేతి తిండి తినకపోతివి. ఎందుకు తినవు? నాకు మందు పెట్టాలని నీ మనసులో ఉండాది, అందుకే నేనూ పెడతానని భయపడతాండావు అనుకున్నా." కాసేపు కిటికీలోంచి శనక్కాయ చేన్లు చూసింది. "ఏలు పెట్టినాక తుడుచుకోవాల కదా. కాగితానికి తుడిచినా. ఇంకొంచెం తుడిచినా. పొద్దు యాడికి పోయిందో తెలీలేదు. మీ మామ పోయినాక ఆ పొద్దే నిద్రపట్టింది నాకు."

ముందు సీట్లో మా ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనక నుంచి తెలియలేదు. అడిగితే నిజం చెబుతాడన్న నమ్మకం నాకు ఇప్పటికీ లేదు.

ఇంతటితో నాకు పూర్తిగా నయమైందని రాస్తే అబద్ధం. ఇప్పటికీ ఏడాదికొకసారైనా దూలాలు లెక్కకు వస్తాయి. అప్పుడు చిప్పలు తీస్తాను. వీధిలో మాటలు వెంటనే ఆగలేదు, కొంతమంది ఇంకా మా వసారా వైపు చూడకుండా పోతారు. అమ్మా, కొత్తకోడలా, నీకు చెప్పేదొకటే. నిన్ను ఎవరి దగ్గరికైనా తీసుకుపోయేముందు ఒకపూట మా ఇంటికి రా, మీ అత్తను కూడా పిలుచుకురా. ఇద్దరికీ సరిపడా చిప్పలున్నాయి.

ఆ సాయంత్రం గోరంట్ల నుంచి వచ్చాక మా అత్త సంగటి చేసింది. నా కంచంలో ముద్ద పెట్టింది. అలవాటు కొద్దీ నేను ఆమె కంచం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె నన్ను చూసింది. చెయ్యి చాచి నా ముద్దలోంచే కొంచెం తుంచి, నోట్లో వేసుకుని, నాకు కనబడేలా నమిలి మింగింది.

"తిను" అంది. "పచ్చ అయిపోవచ్చింది. రేపు కలిపిపెట్టు."